ఏనుగుకి తలుపు తీసినవాడు

"కేసు అయిపోయింది గురువుగారూ. టీ తాగి వెళ్ళండి," అన్నాడు ఇస్త్రీ ఇన్‌స్పెక్టరు.

ఆ పేరు కానిస్టేబుళ్ళు పెట్టింది. ఆయన చొక్కా మడతలు అంత పదును. ఒకనాడు భుజమ్మీద వాలిన ఈగ రెండు ముక్కలైందనీ, ఆ రెండు ముక్కలూ విడివిడిగా సెల్యూట్ కొట్టి మరీ ప్రాణం వదిలాయనీ స్టేషన్లో చెప్పుకుంటారు. ఎదురు కుర్చీలో కూర్చున్న డిటెక్టివుకి నత్త అని పేరు. ఇదే డిపార్టుమెంటులో పనిచేసి రిటైరైన మనిషి. సర్వీసులో ఉండగా ఒక దొంగని తరిమితే, ముందు పరిగెత్తుతున్న దొంగే విసుగెత్తి మైలురాయి మీద కూర్చుని, "అయ్యగారూ, పొద్దు వాలిపోతోంది, కాస్త కాళ్ళు కదపండి" అని కేకేశాడట. ఈ కథని నలుగురిలో ప్రచారం చేసింది కూడా నత్తగారే. తనని ఎవరూ లెక్కచెయ్యకపోతే పని సుఖంగా సాగుతుందని ఆయన లెక్క.

కేసు ఇదీ. పళ్ళు నిలవచేసే కోల్డ్ స్టోరేజి ఒకటుంది. మొన్న పొద్దున పనివాళ్ళు మూడో గది తెరిస్తే, పెట్టెల మధ్య ఓనరు చలికి బిగుసుకుపోయి చచ్చిపడి ఉన్నాడు. ఆ గది తలుపు జానెడు మందం. బయట ఇనప గడియ. పొరపాటున ఎవరైనా లోపల చిక్కుకుంటే నొక్కి బయటపడటానికి లోపలివైపు ఒక బొత్తాం ఉంటుంది. దాన్ని ఎవరో ముందే విరిచిపెట్టారు. అంతకుముందు సాయంత్రం ఏడున్నరకి ఓనరు ఆవరణలో నడుస్తుంటే వాచ్‌మన్ చూశాడు. ఎనిమిదిన్నరకి చూస్తే ఆఫీసులో లైటు లేదు, ఓనరూ లేడు. ఇంటికి వెళ్ళిపోయాడనుకున్నాడు. ఆ గంటలోనే ఎవరో గడియ పెట్టారు.

ఒక్కరోజులో ఇన్‌స్పెక్టరు మనిషిని పట్టేశాడు. పళ్ళు ఏరే హాల్లో పనివాడు, ముప్పై దాటిన బక్కమనిషి. తోటివాళ్ళు తలుపులయ్య అంటారు. మూసిన తలుపు కనిపిస్తే చాలు, పోయి తీసేస్తాడు. చలి బయటికి పోతోందని ఓనరు అతన్ని పదిమందిలో తిట్టని వారం లేదు.

"తలుపు వెయ్యరా, తలుపు వెయ్యరా అని మొత్తుకున్నాడు పాపం," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "చివరికి వేశాడు."

కానిస్టేబుళ్ళు నవ్వారు. ఆ మాట నిన్నటినుంచి ఆయన అంటూనే ఉన్నాడు, వాళ్ళు నవ్వుతూనే ఉన్నారు.

మధ్యాహ్నం మూడింటికి తలుపులయ్యని మెజిస్ట్రేటు ముందు నిలబెడతారు. ఇక్కడ చెప్పింది అక్కడా చెప్పాడంటే, ఇక దేవుడు దిగివచ్చి బతిమాలినా ఆ మాట వెనక్కి రాదు. ఇప్పుడు పదకొండు దాటింది. డిటెక్టివుని పిలిపించింది తలుపులయ్య అక్క. ఆమె వరండాలో స్తంభం పక్కన నిలబడి ఉంది. ఆమె భర్త పక్కనే బల్లమీద, భోజనం క్యారియరు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. అదే కోల్డ్ స్టోరేజిలో మెషీన్ ఆపరేటరు. బావమరిదికి ఆ పని ఇప్పించింది ఆయనే. ఆ సాయంత్రం వెనక దారిన ఏడున్నరకే ఇల్లు చేరానని ఆయనా, చేరాడని ఆవిడా చెప్పారు. బావమరిది అరెస్టయిన దగ్గర్నుంచి రెండు పూటలా క్యారియరు తెస్తున్నాడు, కానిస్టేబుళ్ళకి టీలు తెప్పిస్తున్నాడు. ఉంటే ఇలాంటి బావ ఉండాలని స్టేషనంతా అనుకుంటోంది.

"ఎలా ఒప్పించావు నాయనా?" అని అడిగాడు డిటెక్టివు.

"ఒక్క దెబ్బ వెయ్యలేదు. ఆ లాఠీ చూడండి, బూజు పట్టింది. పాత ఫైళ్ళ గదిలో కూర్చోబెట్టి, బయట గడియ పెట్టి, 'చేశానని చెప్పు, తీస్తాను' అన్నాను. నా టీ చల్లారలేదు, చెప్పేశాడు."

"ఉపాయం నీదేనా?"

"మరి మీదా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు. అంటూ టేబులు మీద వంకర లేని పెన్నుని ఒకసారి సరిచేశాడు.

తలుపులయ్యతో పావుగంట మాట్లాడతానని డిటెక్టివు అడిగాడు. మీరు నోరు తెరిచేసరికే పావుగంట అవుతుందని ఇన్‌స్పెక్టరు దెప్పాడు, కానీ కాదనలేదు. తనూ అక్కడే కుర్చీ వేసుకున్నాడు.

తలుపులయ్య వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు, ఒక కాలు లోపల, ఒక కాలు బయట. కూర్చోమంటే, కుర్చీని తలుపు కనపడే వైపుకి తిప్పుకుని అంచున కూర్చున్నాడు. ఇంకా ఏమీ అడగకముందే వరండాలో ఎవరి చేతిలోంచో టీ గ్లాసు జారి భళ్ళుమంది. అతను లేచి నిలబడి, క్షమించండి, నేనే అన్నాడు. చెయ్యి చాచినా ఆ గ్లాసు పది అడుగుల దూరంలో ఉంది. కానిస్టేబులు కిసుక్కుమన్నాడు. డిటెక్టివు నవ్వలేదు.

ఆ కోల్డ్ స్టోరేజిలో ఒక పద్ధతి ఉంది. గదిలోకి వెళ్ళే మనిషి తన చెప్పులు తలుపు బయట విడిచి, అక్కడి రబ్బరు బూట్లు వేసుకుని వెళ్ళాలి. గడియ పెట్టేవాడు ముందు కిందికి చూడాలి. చెప్పులుంటే మనిషి ఉన్నట్టు. పనిలో చేరినవాడికి మొదటిరోజు నేర్పేది అదే. ఓనరు చెప్పులు మాత్రం ఆఫీసులో టేబులు కింద, జతగా, బుద్ధిగా దొరికాయి. చంపినవాడు మర్చిపోకుండా వాటిని తీసుకెళ్ళి అక్కడ పెట్టాడన్నమాట.

"ఓనరు చెప్పులు ఎక్కడ పెట్టావు?" అని అడిగాడు డిటెక్టివు.

తలుపులయ్య ముందు ఇన్‌స్పెక్టరు ముఖం చూశాడు, తర్వాత డిటెక్టివు ముఖం చూశాడు. రెండు ముఖాల్లోనూ జవాబు దొరికినట్టు లేదు.

"ఎక్కడ పెట్టానంటే సరిపోతుందండీ?"

"గేటు బయట మురిక్కాలవలో పడేశావట కదా."

"ఆఁ, కాలవలోనేనండీ. తప్పయిపోయింది."

డిటెక్టివు ఇన్‌స్పెక్టరు వైపు తిరిగాడు. ఇన్‌స్పెక్టరు చెవులు కాస్త ఎర్రబడ్డాయి, కానీ మాట తగ్గలేదు. మనిషిని చంపినవాడికి కంగారుండదా అన్నాడు. లేదంటే వీడు మనల్ని ఆడిస్తున్నాడు, అమాయకపు ముఖం వేసుకుని మీలాంటి వాళ్ళలో జాలి పుట్టిస్తాడు, చెప్పులు చిన్న సంగతి, గడియ పెద్ద సంగతి, దాన్ని ఒప్పుకున్నాడు కదా అన్నాడు.

"వ్యాను రెండున్నరకి బయల్దేరుతుంది," అని లేచాడు. "నత్తగారు గేటు దాటేలోపు వాడికి శిక్ష కూడా పూర్తయిపోయేట్టుంది."

డిటెక్టివు వరండాలోకి వచ్చి, మీ తమ్ముడి గది చూడాలమ్మా అన్నాడు. ఆమె చీర చెంగు వేలికి చుట్టుకుంటూ భర్త వైపు చూసింది. వెళ్ళిరా, వాడికి క్యారియరు నేను పెడతాలే అన్నాడాయన మెత్తగా.

అక్క ఇంటి పెరట్లో, గోడ పక్కగా ఒకే ఒక్క గది. గుమ్మం ఉంది, తలుపు లేదు. పూర్వం ఉండేది, బందులు ఊడదీసిన చోట రంధ్రాలని సున్నంతో పూడ్చారు. లోపల చెక్క అలమరా. దాని తలుపులు రెండూ విప్పి, కోపం వచ్చిన పిల్లల్లా గోడవైపు ముఖం పెట్టి నిలబెట్టి ఉన్నాయి. ట్రంకు పెట్టెకి మూత లేదు. పంచదార డబ్బాకి మూత బదులు గుడ్డ కట్టి ఉంది. చీమలకి ఈ గది సంగతి తెలిసి, పక్క వీధుల్లోని చుట్టాలని కూడా పిలుచుకున్నట్టున్నాయి. సైకిలు తాళం మేకుకి తెరిచిన నోటితో వేలాడుతోంది.

మంచం ఉంది కానీ దుప్పటి నలగలేదు. గుమ్మం పక్కన గోడ మాత్రం, కూర్చున్న మనిషి వీపు ఎత్తున, నల్లగా నున్నగా అరిగిపోయింది. అక్కడే కూర్చుని నిద్రపోతాడని ఆమె చెప్పింది. వానొస్తే ప్లాస్టిక్ గుడ్డ కప్పుకుంటాడట. దిండు కింద కాగితంలో చుట్టిన ఎండు రొట్టెముక్కలు కనిపించాయి. అవి ఎందుకమ్మా అని డిటెక్టివు అడిగితే, ఎప్పుడు ఏమవుతుందోనని చిన్నప్పటినుంచీ దాస్తాడని, తీసేస్తే ఏమీ అనడు కానీ మర్నాడు మళ్ళీ ఉంటాయని చెప్పింది.

డిటెక్టివు గది నాలుగు మూలలూ తడిమాడు. గడియ అనేది ఒక్కటీ లేదు. పంచదార డబ్బాకి మూత పెట్టలేనివాడు బతికున్న మనిషి మీద గడియ పెట్టాడంటే తను నమ్మడు. కానీ మెజిస్ట్రేటు ముందు పంచదార డబ్బాని సాక్షిగా నిలబెట్టలేడు.

"ఎప్పటినుంచి ఇలా?" అని అడిగాడు.

ఆమె మంచం పట్టె మీద కూర్చుంది. తన పాదాల వైపే చూస్తూ, వాటికే చెబుతున్నట్టు చెప్పింది. అమ్మ పోయేసరికి తమ్ముడికి ఏడాదిన్నర. నాన్న లారీ మీద తిరిగేవాడు, నెలలో నాలుగు రోజులు ఇంట్లో ఉంటే గొప్ప. పిన్ని వచ్చింది. పిన్ని చెడ్డదని ఎవరూ అనలేదు, నాకు రోజూ రెండు జడలు వేసేది అంది. పిల్లాడి ఏడుపు మాత్రం ఆవిడకి పడేది కాదు. ఏడ్చినా, ఏది ఒలికినా, ఏది పగిలినా వాణ్ణి సామాన్ల గదిలో పెట్టి గడియ పెట్టేది. ఆ గదికి కిటికీ లేదు. రెండేళ్ళనుంచి ఐదేళ్ళదాకా, పిన్ని జబ్బుచేసి పోయేదాకా అదే వరస.

"గడియ పెట్టి, 'చేశానని చెప్పు, తీస్తాను' అనేది. వాడికి అప్పటికి మాటలే రావు బాబాయిగారూ. మొదట్లో బాగా ఏడ్చేవాడు. తర్వాత ఏడుపు మానేశాడు. తలుపుని మెల్లగా, ఒకే తీరున కొట్టేవాడు. మూడేళ్ళు దాటాక ఒకరోజు లోపల్నుంచి 'నేనే చేశాను' అన్నాడు. వాడు నోరు విప్పి పలికిన మొదటి మాట అది. పిన్ని నవ్వి తీసింది. ఆ తర్వాత చాలాసార్లు గది దాకా వెళ్ళాల్సిన పనే ఉండేది కాదు."

డిటెక్టివు మూత లేని ట్రంకు పెట్టె వైపు చూశాడు.

బళ్ళో ఎవరి పలక పగిలినా తమ్ముడిదే తప్పని ఒప్పుకునేవాడని ఆమె చెప్పింది. మాస్టార్లకి అది సుఖంగానే ఉండేదట. ఇప్పటికీ ఆకలేస్తోందా అని అడిగితే, అవునంటే బావుంటుందో కాదంటే బావుంటుందో అన్నట్టు ముఖంలోకి చూస్తాడట. ఎక్కడ ఎవరు గొంతు పెంచినా తననే అనుకుంటాడు. చెయ్యలేదు కదరా అని ఒకటి రెండుసార్లు తను గట్టిగా అడిగితే, ఏమో అక్కా, చేసే ఉంటాను అన్నాడు.

"ఒలికినవాటిలో, పగిలినవాటిలో సగం నావే," అంది ఆమె. ముఖం చేతుల్లో దాచుకోలేదు. దాచుకుంటే బావుండుననిపించేలా ఉంది ఆ ముఖం. "నాకు అప్పుడు ఎనిమిదేళ్ళు. గడియ నాకు అందేది."

బయట కాకి అరిచింది. డిటెక్టివు, ఈ సంగతి ఇంకెవరికైనా చెప్పావా అమ్మా అని అడిగాడు. ఇంత సిగ్గుచేటు సంగతి ఎవరికి చెప్పుకుంటాను అంది ఆమె, కాస్త తొందరగా. పోనీ ఆ సాయంత్రం మీ ఆయన ఎన్నింటికి ఇంటికొచ్చాడని అడిగాడు. ఏడున్నరకి, రోజూ వచ్చే టైముకే అంది. ఆ జవాబు కూడా పాదాలకే చెప్పింది.

స్టేషనుకి వచ్చేసరికి ఒంటిగంటన్నర. దారి పొడుగునా డిటెక్టివు ఒకే సంగతి ఆలోచించాడు. ఇన్‌స్పెక్టరు ఆ ఫైళ్ళ గది ముందు పలికిన మాట, ముప్పై ఏళ్ళ కింద సామాన్ల గది ముందు పిన్ని పలికిన మాట, అక్షరం తేడా లేదు. పిన్ని లేదు, తండ్రి లేడు. ఆ ఇంట్లోంచి మిగిలింది ఈ ఇద్దరే. మరి ఆ మాట స్టేషనుకి నడిచి ఎలా వచ్చింది?

ఇన్‌స్పెక్టరుని అడిగితే చెప్పడు. ఒకరి ఉపాయం తనదని నలుగురిలో చెప్పుకున్న మనిషి, మెడమీద కత్తి పెట్టినా చెప్పడు. ముందు ఆయన చేతిలో ఉన్న ఒప్పుకోలు ఏపాటి ఖరీదు చేస్తుందో ఆయనకే చూపించాలి. దానికి ఒక దారుంది. ఆ దారి తలచుకున్నప్పటినుంచీ డిటెక్టివు కళ్ళు ఎత్తి అక్క వైపు చూడలేకపోతున్నాడు.

"అదే గది, అదే గడియ," అన్నాడు ఇన్‌స్పెక్టరుతో. "ఈసారి నేనడుగుతాను. నువ్వు లోపల నా పక్కనే ఉండు."

"ఏమడుగుతారు?"

"ఇంకో కేసు. అదే రోజుది."

ఇంకో కేసు ఊరికే తేలిపోతుందంటే ఏ ఇన్‌స్పెక్టరు వద్దంటాడు? సరేనన్నాడు. అక్కని వరండాలోనే ఉండమన్నారు. బావ బల్లమీద కాస్త జరిగి ఆమెకి చోటిచ్చాడు, ఆమె కూర్చోలేదు.

ఫైళ్ళ గదిలో ముగ్గురికే చోటు. కానిస్టేబులు బయట గడియ పెట్టాడు. ఆ చప్పుడుకి తలుపులయ్య మారిపోయాడు. మోకాళ్ళు గడ్డం దాకా వచ్చాయి, భుజాలు చెవులదాకా లేచాయి. ఊపిరి పైపైనే ఆడుతోంది. తలుపు కింద సందులోంచి వచ్చే వెలుతురు గీత మీంచి చూపు తిప్పడం లేదు. అంతవరకూ అక్కడ ఒక ఎదిగిన మనిషి ఉన్నాడు, ఇప్పుడు లేడు. నిన్న ఇదే గదికి తను బయట నిలబడ్డాడు కాబట్టి ఇన్‌స్పెక్టరు దీన్ని చూడలేదు. ఇప్పుడు చూసి, ఎందుకో టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

డిటెక్టివు తను కథలు చెప్పే గొంతుతోనే మొదలుపెట్టాడు.

"ఆ రోజు సాయంత్రం మీ కోల్డ్ స్టోరేజికి ఒక ఏనుగు వచ్చింది. మూడో గదిలో దూరి పళ్ళన్నీ తినేసింది. తిని తొండం తుడుచుకుని, ఓనరు కుర్చీలో కూర్చుని, పళ్ళు బావున్నాయని వాళ్ళావిడకి ఫోన్ చేసింది. దాన్ని లోపలికి రానిచ్చింది ఎవరు? చెప్పు, తీస్తాను."

ఇన్‌స్పెక్టరుకి నవ్వాగలేదు. టోపీ నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

"నేనేనండీ," అన్నాడు తలుపులయ్య.

"నువ్వా?"

"గేటు నేనే తీశానండీ. మూసి ఉంటే చూడలేను. అది వస్తుందనుకోలేదు. ఫోను కూడా నేనే కలిపి ఇచ్చాను. పళ్ళు మళ్ళీ ఏరి పెడతానండీ. ఓనరు గారికి చెప్పకండి."

"ఎంత పెద్ద ఏనుగు?"

"మీరు ఎంతంటే అంతండీ."

టోపీ వెనక నవ్వు ఆగిపోయింది. ఇన్‌స్పెక్టరుకి నిన్న సాయంత్రం పత్రికలవాళ్ళు తీసిన ఫొటో గుర్తొచ్చింది. అందులో తను నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడ్డాడు. పక్కన ఈ మనిషి తల వంచుకుని ఉన్నాడు. ఒక్క దెబ్బ వెయ్యలేదని ఎంతమందికి చెప్పాడో. ఇంట్లో భార్యకి చెప్పాడు, పై ఆఫీసరుకి చెప్పాడు, టీ కొట్టువాడిక్కూడా చెప్పాడు. ఆయనకి తల కొట్టేసినట్టయింది. ఫైళ్ళ కట్ట మీద కూలబడ్డాడు. దుమ్ము అంటుకున్నా చూసుకోలేదు.

డిటెక్టివుకి గెలిచిన సంతోషం రాలేదు. తను ఇప్పుడు చేసింది కూడా పిన్ని చేసిందేనని ఆయనకి తెలుసు. ఏనుగుని కలిపినంత మాత్రాన అది వేరే పని అయిపోదు.

"ఉపాయం ఎవరిచ్చారు నాయనా?" అన్నాడు మెల్లగా.

ఇన్‌స్పెక్టరు చేతిలో టోపీ తిప్పుతూ చెప్పాడు. "వాళ్ళ బావ. నిన్న తెల్లారుతూనే వచ్చాడు. మావాణ్ణి కొట్టకండి సార్, గదిలో పెట్టి ఇలా అడగండి, నిజం చెప్పేస్తాడు అని కళ్ళు తుడుచుకున్నాడు. ఆ మాట కూడా ఆయనే చెప్పి పలికించాడు. ఎంత మంచివాడో అనుకున్నాను."

అప్పుడు బయట పెనుగులాట వినిపించింది. అమ్మా, మీరు తియ్యకూడదు అని కానిస్టేబులు అంటున్నాడు. గడియ కిర్రుమంది. తలుపు బార్లా తెరుచుకుని వెలుతురంతా ఒక్కసారి లోపలికి పడింది. గుమ్మంలో అక్క నిలబడి ఉంది. తలుపుకి చెవి ఆనించి ఏనుగు దగ్గర్నుంచీ వింటూనే ఉంది.

"ఆ సంగతి నా జన్మలో ఒక్కడికే చెప్పాను," అంది. "పెళ్ళైన కొత్తలో ఆయనకి చెప్పాను. ఏడుస్తూ చెప్పాను."

ఆమె ఇన్‌స్పెక్టరు వైపు తిరిగింది. ఈసారి పాదాల వైపు చూడలేదు.

"ఆయన ఏడున్నరకి రాలేదండీ. తొమ్మిది దాటాక వచ్చాడు. వేడినీళ్ళు పెట్టమని, చేతులు ముంచుకుని చాలాసేపు కూర్చున్నాడు. మూడో గదిలో ఎవరివో దొంగ సరుకు పెట్టెలు దాచానని, అది ఓనరుకి తెలిసిపోయిందని చెప్పాడు. ఎవరడిగినా ఏడున్నర అని చెప్పు, పోలీసులతో మనకెందుకు గొడవ అన్నాడు. చెప్పాను. తమ్ముణ్ణి పట్టుకెళ్ళాక కూడా అదే చెప్పాను. ఆయన వల్ల కాదులే, వేరే ఎవరో అయ్యుంటారులే అని నాకు నేను చెప్పుకున్నాను. బాబాయిగార్ని పిలిచి, ఆయన ముందూ అబద్ధమే ఆడాను."

మూలనుంచి గొంతు వచ్చింది. "అక్క కాదండీ. ఆ అబద్ధం నేనే చెప్పాను."

ఆమె మోకాళ్ళ మీద కూర్చుండిపోయింది. తమ్ముడి రెండు చేతులూ పట్టుకుంది.

"కాదురా నాన్నా. నువ్వు కాదు. నేను చెప్పాను. అప్పుడూ నువ్వు కాదు."

అతను నమ్మినట్టు లేడు. ఈ మాటకి అనుమతి ఉందో లేదో అన్నట్టు ఇన్‌స్పెక్టరు ముఖం చూశాడు. ఇన్‌స్పెక్టరు పెదవులు తడుపుకున్నాడు. "నువ్వు కాదు," అన్నాడు. అంత చిన్న మాటని ఆయన ఎప్పుడూ అంత కష్టంగా పలకలేదు.

గేటు దగ్గర మోటారుసైకిలు స్టార్టయిన చప్పుడు వినిపించింది. కానిస్టేబులు తల బయటికి పెట్టి, బావగారు లేరు సార్, క్యారియరు బల్లమీదే ఉంది అన్నాడు. ఇద్దరు కానిస్టేబుళ్ళు జీపు వైపు పరిగెత్తారు. ఇన్‌స్పెక్టరు గుమ్మం దాకా వెళ్ళి, అన్ని దారులూ మూయించమని వైర్‌లెస్‌లో చెప్పమని కేకేసి, మళ్ళీ లోపలికొచ్చాడు.

డిటెక్టివు తలుపులయ్య ఎదురుగా నేలమీద కూర్చున్నాడు. నిన్నటినుంచి ఈ స్టేషన్లో ఎవరూ అడగని ప్రశ్న ఒకటుందని ఆయనకి అప్పుడే తట్టింది. పొద్దున తనకి పావుగంట ఇస్తే, తను కూడా దాన్ని చెప్పుల మీద ఖర్చుపెట్టాడు.

"ఆ సాయంత్రం నువ్వేం చూశావు బాబూ?"

తలుపులయ్య అందరి ముఖాలూ వెతికాడు. జవాబు అందించేవాళ్ళు ఎవరూ లేరు. అక్క చేతులు వదల్లేదు. తలుపు తెరిచే ఉంది.

"మూడో గది తలుపుకి వీపు ఆనించి బావ నిలబడ్డాడండీ," అన్నాడు. "లోపల్నుంచి కొడుతున్నారు. తీద్దామని వెళ్ళాను. బావ నా చెయ్యి పట్టుకుని, అది మెషీను చప్పుడురా, ఇంటికి పో అన్నాడు. మెషీను కాదండీ. అలా కొట్టడం నాకు తెలుసు. తెలిసి కూడా వెళ్ళిపోయాను. అందుకని నేనే చేశానన్నాను."

"ఇదంతా నిన్న ఎందుకు చెప్పలేదయ్యా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"ఏం చేశావనే అడిగారు కదండీ."

ఇన్‌స్పెక్టరు తల తిప్పుకున్నాడు. బావ ఎందుకంత తొందరగా, ఎందుకంత ప్రేమగా వచ్చి ఉపాయం చెప్పి వెళ్ళాడో ఇప్పుడు అందరికీ తెలిసింది. చూసినవాడు ఒక్కడే. చూసినవాడే చేశానని ఒప్పేసుకుంటే ఇక సాక్ష్యం ఎక్కడుంటుంది?

రెండు దాటింది. వ్యాను వచ్చి వరండా ముందు ఆగింది. మూడింటికి మెజిస్ట్రేటు ముందు ఇప్పుడు చెప్పించాల్సింది వేరే మాట. భార్య చెప్పిన టైము ఒక్కటీ చాలదు; గదిలోపలి చప్పుడు విన్న మనిషి తన నోటితో చెప్పాలి, ఇవాళే చెప్పాలి, బావ దొరికి ఒక లాయరుని పెట్టుకోకముందే చెప్పాలి. ఇన్‌స్పెక్టరు వంగి, మొదటిసారి మీరు అన్నాడు.

"ఇప్పుడు మాతో చెప్పింది అక్కడ చెప్తారా?"

"చెప్తానండీ," అన్నాడు తలుపులయ్య. అక్క చెయ్యి పట్టుకుని లేచాడు. రెండడుగులు వేసి, గుమ్మం మధ్యలో ఆగాడు.

"అక్కడ తలుపు వేస్తారాండీ?"

వేస్తారు. మెజిస్ట్రేటు పోలీసుల్నీ, బంధువుల్నీ, అందర్నీ బయటికి పంపించి, తలుపు వేయించి, ఒక్కడే కూర్చుని అడుగుతాడు. మనిషి భయపడకుండా నిజం చెప్పాలని పెట్టిన పద్ధతి అది. మార్చమని అడిగే అధికారం ఈ గదిలో ఎవరికీ లేదు. ఇన్‌స్పెక్టరు చెప్పబోయి, చెప్పలేక, డిటెక్టివు వైపు చూశాడు. డిటెక్టివు నేల చూశాడు. తలుపులయ్య వాళ్ళిద్దరి ముఖాల్లో జవాబు కోసం ఓపిగ్గా వెతుకుతున్నాడు.